ఎర్ర బోర్డు మీద ఏడో బిళ్ళ

మా నోటుబుక్కులో నూట పన్నెండు హత్యలు ఉండేవి. గళ్ళు నేను గీశాను, నాతో పనిచేసే స్నేహితుడు, బ్రేకు ఫిట్టరు, నింపేవాడు. మొదటి గడిలో సినిమా, రెండో దాంట్లో చంపినవాడు, మూడో దాంట్లో ఎలా చంపాడు, నాలుగో దాంట్లో చచ్చేవాడి ఆఖరి మాట. నాలుగో గడి ఎప్పుడూ చాలేది కాదు. మేము చూసిన క్రైమ్ సినిమాల్లో చచ్చేవాడు కనీసం రెండు వాక్యాలైనా చెప్పి చస్తాడు. మధ్యాహ్నం టిఫిన్ క్యారియర్లు విప్పుకుని, ఫిట్టరు ఫోన్‌ని నూనె డబ్బాకి ఆనించి రోజుకి అరగంట చొప్పున చూసేవాళ్ళం. ఒక సినిమాకి వారం పట్టేది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు ముప్పై అయిదేళ్ళు. జ్ఞాపకాలు రాసే వయసు కాదని తెలుసు. కానీ నేను చెప్పబోయే ఉద్యోగం ఎప్పుడో ముగిసిపోయింది. ఇప్పుడు ఒక శిక్షణ కేంద్రంలో యంత్రాల దగ్గర భద్రత గురించి పాఠాలు చెబుతున్నాను. మొదటి రోజు విద్యార్థులు ఒకటే అడుగుతారు: "సార్, మీరు యాక్సిడెంటు చూశారా?" చూశాననగానే వాళ్ళ కళ్ళు మెరుస్తాయి. ఆ మెరుపు నాకు తెలుసు. నోటుబుక్కు ముందు కూర్చున్నప్పుడు మా ఇద్దరి కళ్ళలోనూ అదే ఉండేది.

అప్పుడు నాకు ఇరవై ఆరు. బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ ఊరి బయట, సరుకు వ్యాగన్లు బాగుచేసే చిన్న ప్రైవేటు షెడ్డులో సేఫ్టీ సూపర్‌వైజర్ని. ఆ షెడ్డు ఇప్పుడు లేదు. మొత్తం రెండు పట్టాల లైన్లు, ఒక పాత డీజిల్ ఇంజను, రేకుల ఆఫీసు. మెకానికల్ డిప్లొమా చేతిలో పెట్టుకుని ఏడాదిన్నర ఖాళీగా తిరుగుతుంటే ఆ ఉద్యోగం ఇప్పించింది మా పక్క క్వార్టరు మావయ్య. చుట్టరికం ఏమీ లేదు. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే రైల్వే పేట ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా వీధి వీధంతా ఆయన్ని మావయ్యా అనే పిలిచేది. రైల్వేలో ముప్పై ఆరేళ్ళు చేసి రిటైరయ్యాక ఈ షెడ్డులో పెద్దమేస్త్రిగా చేరారు. ఎవరింట్లో జ్వరం వచ్చినా ముందు ఆయన సైకిలే ఆ గుమ్మం ముందు ఆగేది.

ఒక పద్ధతి గురించి ఇక్కడ చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

లైను మొదట్లో మనిషెత్తు ఎర్ర రేకు బోర్డు ఉండేది, దానికి మేకులు. వ్యాగను కిందికి దూరే ప్రతివాడూ తన నంబరున్న ఇత్తడి బిళ్ళని అక్కడ తగిలించాలి. బయటికి వచ్చాక తన చేత్తోనే తీసుకుని ఆఫీసులో నాకు అప్పగించాలి. బోర్డు మీద ఒక్క బిళ్ళ ఉన్నా ఇంజను కదలకూడదు. ఎవడి బిళ్ళ వాడే తీయాలి, ఇంకో చెయ్యి దాన్ని ముట్టకూడదు. ఈ పద్ధతిని షెడ్డుకి తెచ్చినవారు మావయ్యే. దాన్ని ప్రేమతో పాడుచేసినవారూ ఆయనే. టీ వేళకి బోర్డు నుంచి ఆఫీసుకి ఎండలో అందరూ నడవడం ఎందుకని, బిళ్ళలన్నీ ఒక తీగకి గుచ్చి ఆయనే తెచ్చేసేవారు. "కుర్రోళ్ళు నాలుగు నిమిషాలు కూర్సుంటారు కదా బాబూ," అనేవారు.

పాత ఫారంలో 'ఎవరి చేతి మీదుగా' అని ఒక గడి ఉండేది. అందరి బిళ్ళలూ ఆయన చేతి మీదుగానే వస్తుంటే రాయడానికేముందని వదిలేసేవాణ్ణి, అది రోజూ ఖాళీగా మిగిలేది. ఖాళీ గడి ఉన్న ఫారం నాకు పన్నునొప్పితో సమానం. కొత్త ఫారం తయారుచేసి ఆ గడి ఎత్తేశాను. పేజీన్నర ఫారం ఒక్క పేజీలో ఇమిడింది. మేనేజరు మెచ్చుకున్నారు. చాలా రోజులు ఆ ఫారం చూసుకుని మురిసిపోయాను.

ఇక ఇంజను డ్రైవరు. యాభై దాటిన మనిషి, పూరీ గేట్ దగ్గర ఒక్కడే ఉండేవాడు. బ్యాటరీ యాసిడ్ పడి ఎడమ చెంప కాలిపోయింది, ఆ వైపు పెదవి కిందికి లాగినట్టుండేది. నవ్వడు. దసరాకి చందా ఇవ్వడు, క్రిస్మస్ కేకు తినడు. మావయ్య పంచే మూడీ కూడా వద్దనేవాడు. ఉల్లిపాయ, ఆవనూనె కలిపిన ఆ మరమరాలని ఖరగ్‌పూర్‌లో వద్దనేవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు. షెడ్డులో అందరికీ ఏదో ఒక వరస ఉండేది: మావ, బావ, దాదా. ఆయన్ని మాత్రం డ్రైవరు అనేవాళ్ళం.

"మన నోటుబుక్కులో విలన్ గడి కాళీగా ఉంటే ఈడి ఫోటో అతికీసీ," అనేవాడు ఫిట్టరు. "మేకప్ కర్సు ఉండదు."

ఒకరోజు ఆ మాట డ్రైవరు చెవిన పడింది. ఫిట్టరు దగ్గరికి వచ్చి, గొంతు పెంచకుండా, "ఒకరోజు నీ మీంచే తోలీస్తాను సూడు," అన్నాడు. పదిమంది విన్నారు. ఫిట్టరు ఆ మాటకి పొంగిపోయాడు. "డైలాగు సూసినావా? ఇంటర్వెల్ బ్యాంగ్," అని ఆ రోజంతా అందరికీ చేసి చూపించాడు.

ఆ తర్వాత వారానికి జరిగింది.

ఉదయం పది దాటింది. మావయ్య తీగకి గుచ్చిన బిళ్ళలతో ఆఫీసుకి వచ్చారు. నేను ఒక్కొక్కటీ తీసి గోడ మీద మేకులకి తగిలిస్తూ ఫారంలో టిక్కులు పెడుతున్నాను. చెయ్యి పని చేస్తోంది, నోరు సినిమా కథ చెబుతోంది. ముందురోజు మధ్యాహ్నం ముగిసిన సినిమాలో హంతకుడెవరో ఫిట్టరు మొదటి పది నిమిషాల్లోనే పట్టేశాడు.

"ఎలాగ పట్టినాడేటి?" అన్నారు మావయ్య.

"కళ్ళు చూసి పట్టాడంట మావయ్యా."

"అవును మరి. సెడ్డోడి కళ్ళల్లో తెలిసిపోద్ది," అంటూ టీ గ్లాసు పట్టుకుని వరండాలోకి వెళ్ళారు.

కొంచెంసేపటికి ఇంజను రెండుసార్లు హారన్ కొట్టింది. టీ వేళలో కింద ఎవరూ ఉండరు కాబట్టి, ఆ సమయంలోనే వ్యాగన్లు జరిపి కొత్త వ్యాగనుకి చోటు చెయ్యమని మేనేజరు ముందే చెప్పి ఉంచారు. గాలి కంప్రెసర్ హోరు ఆగకుండా వస్తూనే ఉంది. వ్యాగన్ల బఫర్లు ఒకదానికొకటి తగిలిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు రోజూ వినేదే.

కేక మాత్రం వినలేదు. ఇది కొత్తవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. సినిమాలో చావు వచ్చేముందు సంగీతం మారుతుంది, గాలి వీస్తుంది, ఏదో ఒక గాజు వస్తువు పగులుతుంది. ఇక్కడ ఒక వెల్డరు ఆఫీసు గుమ్మంలోకి వచ్చి, మామూలు గొంతుతో, "సార్, ఒక్కసారి రండి. ఫిట్టరు కిందుండిపోయినాడు," అన్నాడు.

నేను వెళ్ళేసరికి అతన్ని బయటికి లాగి నేల మీద పడుకోబెట్టారు. వ్యాగను జరిగింది ఒక మూరెడు. రక్తం దాదాపు లేదు. చొక్కా గుండీలన్నీ పెట్టుకునే ఉన్నాయి, ఒక చెప్పు పట్టా పక్కన తిన్నగా ఉంది, గుమ్మం దగ్గర విడిచినట్టు. నేను ముఖం వైపు చూడలేకపోయాను. డ్రైవరు కొళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుంటున్నాడు. నిదానంగా, వేళ్ళ సందులు కూడా. ఈ సమయంలో చేతుల శుభ్రమా అనుకున్నాను. అంబులెన్సుకి ఫోన్ చేయడానికి ఆఫీసుకి పరిగెత్తాను. అక్కడ ఎవరూ లేరు. ఫోన్ చేసి తిరిగివచ్చి, ఈసారి ధైర్యం చేసి ముఖం చూశాను. కళ్ళు మూసుకుని ఉన్నాడు, నిద్రపోతున్నట్టు. నొప్పి తెలియకుండా పోయాడు అనుకున్నాను. ఆ మాట నాకు చాలా ఉపయోగపడింది, ఆ రోజు గడవడానికి.

అప్పుడు ఎవరో బోర్డు వైపు చెయ్యి చూపించారు. ఎర్ర బోర్డు మీద ఒక బిళ్ళ వేలాడుతోంది. ఫిట్టరు నంబరు.

బిళ్ళ ఉండగా ఇంజను కదిపాడు. ఇంకేం కావాలి? డ్రైవరు అన్నది ఒకటే మాట: "బోర్డు కాళీగా ఉండేది." తర్వాత నోరు మూసుకున్నాడు. మేనేజరు, పోలీసులు, ఫిట్టరు తమ్ముడు అడిగినా అదే మౌనం. సాయంత్రానికి ఆయన్ని ఠాణాకి తీసుకెళ్ళారు.

స్థలం పటం గీయమని, చూసింది రాసివ్వమని నన్నడిగారు. ఆ పనికి నాకంటే తగినవాడు లేడు. పటం కొలతలతో సహా గీశాను: చెప్పు ఎక్కడ, స్పానర్ ఎక్కడ, తల ఏ దిక్కు, కళ్ళు మూసి ఉన్నవి. రెండో కాగితం మీద డ్రైవరు గురించి తొమ్మిది పాయింట్లు రాశాను. ఒకటి, బోర్డు మీద బిళ్ళ ఉంది. రెండు, వారం క్రితం బెదిరింపు. మూడు, ప్రమాదం తర్వాత అరవలేదు. నాలుగు, ఏడవలేదు. అయిదు, వెంటనే చేతులు కడుక్కున్నాడు. అలా తొమ్మిది. చివరిదాని దగ్గర కూడా నాకు ఒక్క అనుమానమూ రాలేదు. 'శవం పక్కన నిలబడి భావం లేకుండా చూశాడు' అని రాశాను. భావం లేకుండా. కాలిన చెంపకి భావం ఎలా ఉంటుందో నేను ఆలోచించలేదు.

ఎస్సై అది చదివి, "భాలో లిఖేఛో," అన్నారు. బాగా రాశావట. నాకు సంతోషమనిపించింది. స్నేహితుడు పోయిన రోజున.

మూడో రోజు మేనేజరు, "ఆ రోజు బిళ్ళల ఫారం కూడా జత చేసెయ్యవయ్యా, ఫైలు పూర్తవుతుంది," అన్నారు. అది క్లిప్పుకి అలాగే ఉంది. జిరాక్స్ తీయడానికి వేరుచేస్తూ అలవాటుగా టిక్కులు లెక్కపెట్టాను.

ఏడు ఉన్నాయి.

మళ్ళీ లెక్కపెట్టాను. ఆ రోజు కిందికి దూరినవాళ్ళు ఏడుగురు. ఒకడు వ్యాగను కిందే ఉన్నాడు, అతని బిళ్ళ బోర్డు మీదే ఉంది. అంటే ఆఫీసుకి వచ్చినవి ఆరు కావాలి. నా టిక్కులు ఏడు. ఫిట్టరు నంబరు ఎదురుగా కూడా నా టిక్కు ఉంది, మిగతావాటిలాగే తోక పైకి లేచి. నేను ఆ బిళ్ళని పట్టుకున్నాను. మేకుకి తగిలించాను. తగిలిస్తూ, హంతకుణ్ణి కళ్ళు చూసి పట్టడం గురించి మాట్లాడాను.

డ్రైవరు చెప్పింది నిజం. బోర్డు ఖాళీగానే ఉంది. బిళ్ళ తర్వాత అక్కడికి వెళ్ళింది.

ఆ రోజు జరిగినదంతా వరసగా గుర్తు చేసుకున్నాను. ఆఫీసులోంచి నేను పరిగెత్తాక, వరండాలో ఒకే ఒక మనిషి ఉన్నారు.

ఆ మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్ళాను. మావయ్య అరుగు మీద స్టీలు గిన్నెలో మూడీ కలుపుతున్నారు.

"రా బాబూ, కూర్సో. ముద్ద తిన్నావేటి?"

"మావయ్యా, ఆ రోజు తీగకి ఎన్ని బిళ్ళలు గుచ్చారు?"

ఆయన చెయ్యి ఆగలేదు. ఉల్లిపాయ ముక్కలు వేశారు, పచ్చిమిరపకాయ తుంచారు. తర్వాత తల ఎత్తకుండానే, "ఏడు," అన్నారు.

"అతను ఇంకా కిందే ఉన్నాడు కదా."

"ఒక్క పిన్ను మిగిలింది మావా, ఎల్లు, వస్తన్నాను అన్నాడు. వచ్చీసినాడే అనుకున్నాను. ఎండగా ఉంది. ఆడిది ఒక్కటీ ఎందుకొగ్గీడమని తెచ్చీసినాను."

"మరి తర్వాత?"

"వెల్డరు పిలిసినాడు, నువ్వు పరిగెత్తినావు. గోడ మీద ఆడి బిళ్ళ కనబడింది. కాళ్ళే నన్ను తీసుకెల్లినాయి బాబూ. వ్యాగన్ల ఎనకనుంచెల్లి తగిలించీసినాను. పది నిమిషాల పని కూడా కాదు."

ఆయనే మళ్ళీ అన్నారు, బతిమాలుతున్నట్టు కాదు, చిన్నపిల్లాడికి లెక్క చెబుతున్నట్టు:

"ముప్పై ఆరేళ్ళ సర్వీసు. ఒక్క మెమో నేదు. ఈదిలో పేరుంది. ఆడికేటుంది? పెళ్ళాం నేదు, పిల్లల్నేరు. పేరంటావా, పోడానికి ఆడికి పేరేటుంది? ఎలాగా సెడ్డోడనే అందరూ అనుకుంటన్నారు. నువ్వే రాసినావు కదా, తొమ్మిది పాయింట్లు."

"మావయ్యా."

"టిక్కు నీదే కదా బాబూ. నేను నన్నొక్కణ్ణే కాసుకున్నానా? నిన్నూ కాసినాను," అని గిన్నె నా ముందుకి జరిపారు. "తిను. ఏటీ తిన్నట్టు నేవు, మొహం పీక్కుపోయింది."

ఆ కళ్ళలోకి చూశాను. వెతికాను కూడా. ఏమీ లేదు. నా డిప్లొమా ఫీజు తక్కువైనప్పుడు ఎవరికీ చెప్పకుండా కట్టిన మనిషి కళ్ళు అవి. అప్పుడూ ఇప్పుడూ ఒకేలా ఉన్నాయి. మా నోటుబుక్కులోని హంతకుల్లో ఒక్కడూ ఎవరి ఆకలి గురించీ అడగలేదు.

ఆ మూడీ తిన్నానా లేదా అని విద్యార్థులు అడుగుతారు. తిన్నాను. నాలుగు గింజలు. వద్దనడం నాకు చేతకాలేదు.

మర్నాడు ఉదయం దాకా ఆ ఫారం నా సంచిలోనే ఉంది. ఎందుకు ఉంచానంటే, మేనేజరుకి ఫోన్ చేస్తే, "ఒక్క టిక్కు ఎక్కువైతే ఫారం ఇంకోటి రాసుకోవచ్చు కదా, తెల్ల కాగితాలు లేవా?" అన్నారు. నిజమే, చాలా సులభం. ఒక్క పేజీ ఫారం, నేనే తయారుచేసింది. 'ఎవరి చేతి మీదుగా' అన్న గడి కూడా లేదు. ఆ సాయంత్రం నేను ఒక తెల్ల ఫారం తీసి ఆరు టిక్కులు పెట్టి చూశాను. చాలా చక్కగా వచ్చాయి. ఈ సంగతి దాచి మిగతాది మాత్రం చెబితే నేను హీరోలా కనిపిస్తాను, అందుకని చెబుతున్నాను. ఆ ఆరు టిక్కులు పెడుతున్నంతసేపూ నేను దుర్మార్గుణ్ణని నాకు అనిపించలేదు. అందరినీ కాపాడుతున్నానని అనిపించింది.

ఏడో గడి ఖాళీగా ఉండిపోయింది. ఖాళీ గడి చూస్తే నాకు పడదని చెప్పాను కదా. దాన్నే చూస్తూ కూర్చున్నాను. అది ఫిట్టరుది. ఆఖరి మాట రాసే గడి కూడా అతనికి లేదు, ఉంటే అందులో 'వస్తన్నాను' ఒక్కటే.

తెల్ల ఫారం చింపేసి, పొద్దున్నే సైకిలెక్కి సుభాష్‌పల్లి మీదుగా ఠాణాకి వెళ్ళాను. ఏడు టిక్కుల కాగితం బల్ల మీద పెట్టి, "నా తొమ్మిది పాయింట్లలో మొదటిది తప్పు," అన్నాను. ఎస్సై కాగితం తిప్పి చూసి, "బాకీ ఆట్‌టా?" అన్నారు. మిగతా ఎనిమిదో? మొదటిది తీసేస్తే, మిగతా ఎనిమిదీ ఒక మనిషి ముఖం గురించి నా అభిప్రాయాలు.

పోలీసులు అడిగితే మావయ్య దాచలేదు. అంతా ఒప్పుకున్నారు. కేసు నడుస్తుండగానే రెండేళ్ళకి పోయారు. ఓల్డ్ సెటిల్‌మెంట్ అంతా వెంట నడిచింది. నేను వీధి చివర నిలబడి ఏడ్చాను. దగ్గరికి రానివ్వలేదు. నన్ను తిట్టినవాళ్ళు చెడ్డవాళ్ళని అనుకోను. నా ఉద్యోగం అంతకు ముందే పోయింది. పోనివ్వాల్సిందే, టిక్కు నాదే.

సినిమాలు చూడొద్దని నా విద్యార్థులకి చెప్పను, నేనూ చూస్తాను. కానీ విలన్ తెర మీదికి రాగానే ఇప్పుడు నా చూపు పక్కకి పోతుంది: టీ ఇచ్చేవాళ్ళ మీదికి, తలుపు తీసేవాళ్ళ మీదికి, కాగితం మీద సంతకం చేసేవాళ్ళ మీదికి.

డ్రైవరు విడుదలయ్యాక ఒకసారి షెడ్డుకి వచ్చాడు, టిఫిన్ క్యారియర్ తీసుకెళ్ళడానికి. నేను నా సామాన్లు సర్దుకుంటున్నాను. క్షమించమని అడగడానికి రెండు వాక్యాలు తయారుచేసుకుని ఉన్నాను.

"ఠాణాలో నీ కాయితం సదివి ఇనిపించినారు," అన్నాడు ఆయనే. "తొమ్మిది."

"తప్పులన్నీ..."

"అన్నీ తప్పు కాదు. ఐదోది నిజమే. కడిగినాను."

క్యారియర్ మూత తీసి, పాడైన అన్నం పక్కన పారబోసి, మూత పెట్టాడు.

"ఆణ్ణి కిందనుంచి బయటికి నాగినప్పుడు సేతులనిండా గ్రీజు. ఆడి కళ్ళు తెరిసున్నాయి. ఎవురూ దగ్గరికి రాటం నేదు. మురికి సేతుల్తో ఎలాగ మూస్తాం? అందుకని కడిగినాను."

ఆయన వెళ్ళిపోయాక గేటు చప్పుడు వినిపించింది. నేను సంచిలోంచి పటం నకలు తీశాను. కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. తల తూర్పుకి. పక్కన, నా చేతిరాతలోనే: కళ్ళు మూసి ఉన్నవి.